ఒకే ఒక్క పెద్ద యుద్ధం గెలిచిన షేక్ మన్సూర్‌ను చెచెన్లు తొలి నాయకుడిగా ఎందుకు తలుచుకుంటారు?

వేపచెట్టు_నీడ
నల్లసముద్రానికీ కాస్పియన్‌కూ నడుమ ఉన్న కాకసస్ కొండల్లో రష్యా మీద జరిగిన పోరాటం గురించి తెలుగులో ఏది చదివినా కథ ఇమామ్ షమీల్‌తో మొదలై షమీల్‌తోనే ముగుస్తుంది. టాల్‌స్టాయ్ రాసినందువల్ల హాజీ మురాద్ పేరు కూడా మనవాళ్లకు తెలుసు. ఆ ఇద్దరూ చెచెన్ల పొరుగున ఉన్న దాగెస్తాన్‌కు చెందిన అవార్ జాతివాళ్లు. మరి చెచెన్ల నుంచి ఎవరూ లేరా? షమీల్ ఇమామ్ అయింది 1834లో. దానికి 49 ఏళ్ల ముందే అల్దీ అనే పల్లెలో ఉషుర్మా అనే పాతికేళ్ల యువకుడు మన్సూర్ అని పేరు మార్చుకుని రష్యా సైన్యాన్ని ఎదిరించాడు. మొన్న చదివిన వ్యాసంలో అతనికి దక్కింది ఒక్క వాక్యం. లేచాడు, ఓడాడు, పట్టుబడ్డాడు. అంతే. అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

నా ప్రశ్న సూటిగానే అడుగుతాను. అతను గెలిచిన పెద్ద యుద్ధం ఒక్కటే. రష్యావాళ్ల కిజ్ల్యార్ కోట మీదికి రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ వెనుదిరిగాడు. చివరికి జైల్లో చనిపోయాడు. అయినా చెచెన్లు తమ తొలి నాయకుడంటే ఆయన పేరే చెబుతారు. ఎందుకు?

పటాలపిచ్చి
ముందు పటం చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. తెరెక్ నది వెంట పడమరకు వెళ్లండి. రష్యా కట్టిన కోటలు చూడండి. 1735లో కిజ్ల్యార్ కోట. 1763లో మొజ్దోక్. 1777 నుంచి అజోవ్ వైపు సాగిన కోటల వరుస. 1783లో జార్జియా రాజు ఎరెక్లేతో గియోర్గియెవ్‌స్క్ ఒప్పందం, జార్జియాకు రష్యా రక్షణ. 1784లో జార్జియాకు వెళ్లే కనుమ ముఖద్వారంలో వ్లాదికవ్‌కాజ్ కోట. ఒక్కో కోటా లేచినప్పుడల్లా కింద మైదానంలోని శీతాకాలపు పచ్చికబయళ్లు చేతులు మారాయి. మంచు కురిసే నెలల్లో గొర్రెలను కిందికి తోలుకు రాలేని కొండవాడు ఏం తిని బతుకుతాడు? మన్సూర్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ ఉచ్చు బిగుస్తున్నప్పుడు పుట్టిన మనిషి.

మిర్చిబజ్జీ
పటాలపిచ్చి గారు వచ్చేశారు, ఇక దారి తప్పే భయం లేదు.

పాతచొక్కా_మాష్టారు
కోటల మాట నిజమే. కానీ ఆ కోటలు చెచెన్లకు పడమరన ఉన్న కబార్దా వాళ్లను ఇంకా ఎక్కువ నొక్కాయి. అయితే అందరినీ కూడగట్టిన మనిషి కబార్దాలో ఎందుకు పుట్టలేదు? అక్కడ ప్రభువులు ఉన్నారు, ఆ ప్రభువుల్లో కొందరు ఎప్పుడూ రష్యాతో బేరం ఆడుకునేవారు. చెచెన్లలో రాజు లేడు, జమీందారు లేడు. తైపులు అనే వంశాలు, ఊరి పెద్దలు, అదత్ అనే కట్టుబాటు, అంతే. కొనడానికి ఒక రాజంటూ లేని సమాజం అది. అదే దాని బలం. వెయ్యి ముక్కలుగా ఉండడం దాని బలహీనత. మన్సూర్ పని చేసింది ఆ బలహీనత మీద.

వేపచెట్టు_నీడ
మాష్టారూ, ఆ చివరి మాట కొంచెం విప్పి చెప్పండి.

పాతచొక్కా_మాష్టారు
చెబుతాను. 1785 వసంతంలో అతను బోధ మొదలుపెట్టినప్పుడు తొలి మాట రష్యా గురించి కాదు. రక్తపు పగలు ఆపమన్నాడు. తాత చావుకు మనవడు మరొకరి మనవడిని చంపడం అక్కడి రివాజు. దానితో ఒక ఊరివాళ్లు పక్క ఊరికి ధైర్యంగా వెళ్లలేని పరిస్థితి ఉండేది. దొంగతనం మానండి, తాగుడు మానండి, పొగాకు మానండి, పేదవాడికి పెట్టండి అన్నాడు. తనకు తెచ్చిన కానుకలను పేదలకు పంచేశాడు. ఆ తరువాతే గజవాత్ అన్న మాట, అంటే ధర్మయుద్ధం. వరుస గమనించండి. ముందు ఇంట్లో గొడవ సర్దాడు, తరువాత గుమ్మం బయట ఉన్నవాడి సంగతి చూశాడు. పగలు మరిచి ఒకే వరుసలో నిలబడిన మనుషులను చెచెన్లు అప్పటివరకు చూసి ఉండరు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే, యుద్ధాల లెక్క కాదు.

తులసికోట
ఇది చదువుతుంటే అల్లూరి సీతారామరాజు గుర్తుకు వచ్చారు. సన్యాసి బతుకు, మన్యంలో తాగుడు మానమని చెప్పడం, తగవులు పంచాయతీల్లోనే తీర్చుకోమనడం, ఆ తరువాతే పోలీసు స్టేషన్ల మీద దాడి.

పాతచొక్కా_మాష్టారు
పోలిక తోచడం సహజమే అమ్మా, నాకూ తోచింది. కానీ అక్కడితో ఆపుదాం. ఒకరి కొలబద్దతో ఇంకొకరిని కొలిస్తే ఇద్దరికీ అన్యాయమే.

సముద్రపుగాలి
అందరూ పొగడ్తల్లో ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఇతను మత ఛాందసుడు కాడా? అదత్ స్థానంలో షరియా తెస్తానన్నవాడు. పైగా జార్జియావాళ్ల వైపు నుంచి చూడండి. ఒక పక్క ఇరాన్, ఒక పక్క ఒట్టోమన్ తుర్కులు, పైనుంచి కొండజాతుల దోపిడీలు. వాళ్లకు 1783 ఒప్పందం దండయాత్ర కాదు, ప్రాణరక్షణ. అందరికీ ఒకే కళ్లద్దాలు పెట్టకండి.

పటాలపిచ్చి
జార్జియా భయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ 1795లో ఇరాన్ పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ వచ్చి జార్జియా రాజధాని త్బిలిసీని తగలబెట్టినప్పుడు ఆ ఒప్పందం కాపాడలేకపోయిందని కూడా రాయండి. ఇక రక్షణ జార్జియాకు కావాలంటే రష్యా సైన్యం మన్సూర్ ఊరు అల్దీని ఎందుకు కాల్చాలి?

సముద్రపుగాలి
అల్దీ కాల్చడాన్ని నేను సమర్థించలేదు. మన్సూర్‌ను దేవుడిని చేయవద్దన్నాను, అంతే.

నల్చిక్_డాక్టరు
నేను నల్చిక్‌లో ఆరేళ్లు వైద్యం చదివాను. కబార్దా వాళ్ల ఊరు అది. హాస్టల్లో నా పక్క గది అమ్మాయి చెచెన్యా రాజధాని గ్రోజ్నీ నుంచి వచ్చింది. మొదటి చలికాలంలో నాకు జ్వరం వస్తే వాళ్ల అమ్మ పంపిన మొక్కజొన్న రొట్టె, వెల్లుల్లి పులుసు పెట్టి కూర్చోబెట్టింది. వాళ్లు ఇంటికి వచ్చినవారిని పలకరించే మాట ‘మర్ష వోఘీల’ అని ఆ అమ్మాయే నేర్పింది. స్వేచ్ఛగా రా అని అర్థం. మనం ‘రండి, కూర్చోండి’ అన్నంత మామూలుగా వాళ్లు ఆ మాట అంటారు.

మన్సూర్ పేరు నేను మొదట విన్నది కూడా ఆ అమ్మాయి నోటనే. ‘ఆయన చదువు రాని గొర్రెల కాపరి, మా ఊరి పక్కవాడే’ అంది. ఏదో బంధువు గురించి చెప్పినట్టు చెప్పింది. ఆయన ఓడిపోయాడు కదా అని నేనూ అడిగాను, ఇదే ప్రశ్న. తను కొంచెంసేపు ఆలోచించి, ఆయన వచ్చే వరకు మేము ఫలానా ఊరివాళ్లం, ఫలానా తైపువాళ్లం, ఆ తరువాత మేము నోఖ్చీలం అంది. నోఖ్చీ అంటే వాళ్ల భాషలో చెచెన్. మాష్టారు పైన రాసింది చదివినప్పుడు ఆ గది, ఆ కిటికీ గుర్తుకు వచ్చాయి.

మిర్చిబజ్జీ
డాక్టరు గారూ, ఆ వెల్లుల్లి పులుసు ఎలా చేస్తారో ఇంకో చర్చలో రాయాలి. ఇది నా గట్టి కోరిక.

కొత్తనీరు
ఆ గెలిచిన ఒక్క యుద్ధం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

పటాలపిచ్చి
1785 జూలై. కాకసస్ గవర్నర్ జనరల్ పావెల్ పొత్యోమ్కిన్ ఈ కొత్త ‘దొంగ ప్రవక్త’ను పట్టి తెమ్మని కల్నల్ పియెరీ అనే అధికారిని పంపాడు. వేల సైన్యం, ఫిరంగులు. పియెరీ వెనక రావలసిన దళం కోసం ఆగకుండా సుంజా నది దాటి అడవి దారిలో అల్దీ చేరాడు. ఊరు ఖాళీగా ఉంది. మన్సూర్ ఇంటితో సహా ఊరంతా తగలబెట్టి తిరుగుముఖం పట్టాడు.

అప్పుడు అడవి పని మొదలుపెట్టింది. చెచెన్ మైదానపు అడవి అంటే మన ఊహలోని అడవి కాదు. దట్టంగా బీచ్ అనే రకం పెద్ద చెట్లు, కింద ముళ్లపొదలు, బండి పట్టే సన్నని బాట. వరుసగా నడిచే సైన్యం అక్కడ పొడవాటి దారం అయిపోతుంది, ఎక్కడ తెంపినా తెగుతుంది. నాలుగు వందల మందికి పైగా చచ్చారు, పియెరీ చచ్చాడు, ఫిరంగులు పోయాయి. మిగిలినవాళ్లు నది వైపు పరుగెత్తారు. కాకసస్‌లో రష్యాకు అప్పటివరకు అలాంటి దెబ్బ తగలలేదు.

ఒంటరి_రైలు
అదే యుద్ధంలో ఇంకో మనిషి ఉన్నాడు. ప్యోతర్ బాగ్రతియోన్, అప్పటికి చిన్న హోదాలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడు. గాయపడి చెచెన్ల చేతికి చిక్కాడని, వాళ్లు పైసా తీసుకోకుండా అతన్ని వెనక్కి అప్పగించారని చెబుతారు. ఆ కుర్రాడే తరువాత నెపోలియన్ మీద పోరాడిన సేనాని అయ్యాడు. 1812లో బొరొదినోలో తగిలిన గాయంతో చనిపోయాడు.

కొత్తనీరు
అడవిలో అంత గెలిచినవాడు కోట దగ్గర ఎందుకు ఓడాడు?

పటాలపిచ్చి
అడవిని వదిలి వెళ్లాడు కాబట్టి. గెలుపు వార్త పాకగానే పొరుగు జాతులైన కుమిక్ వాళ్లు, దాగెస్తాన్ వాళ్లు, కబార్దా వాళ్లు వచ్చి చేరారు. పదిరోజులు తిరగకముందే కిజ్ల్యార్ మీదికి వెళ్లాడు. బయటి చిన్న స్థావరం ఒకటి దొరికింది కానీ అసలు కోట దొరకలేదు. ఆగస్టులో ఇంకా పెద్ద గుంపుతో మళ్లీ వెళ్లాడు, మళ్లీ అంతే. గోడ మీది ఫిరంగికి కత్తి, తుపాకీ పట్టిన గుర్రపురౌతు ఏం సమాధానం చెబుతాడు? కోట ముట్టడికి ఫిరంగులు కావాలి, నెలల తరబడి కూర్చునే ఓపిక కావాలి, తిండి కావాలి. అతని దగ్గరున్నది ఊళ్ల నుంచి వచ్చిన జనం. కోతల కాలం వస్తే ఇంటికి వెళ్లిపోయే జనం.

నవంబరులో కబార్దా దగ్గర తతార్తుప్ వద్ద రష్యా కల్నల్ నాగెల్‌తో జరిగిన యుద్ధంలో మాత్రం అతను ఒక పని చేశాడు. చక్రాల మీద దొర్లే పెద్ద కవచాలు కట్టించి, వాటి వెనక మనుషులను నడిపించాడు. ఓడాడు, నిజమే. కానీ ఆగస్టులో గోడ నేర్పిన పాఠాన్ని నవంబరులోగా నేర్చుకున్నాడని అర్థమవుతోంది కదా.

తులసికోట
ఆ చక్రాల సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. ఒక గొర్రెల కాపరి, మూడు నెలల్లో.

సముద్రపుగాలి
సరే, ఇంకో సందేహం. ఒట్టోమన్లు పంపిన మనిషి అని రష్యావాళ్లు మొదటి నుంచీ అన్నారు. చివరికి పట్టుబడింది కూడా ఒట్టోమన్ కోటలోనే కదా. నిప్పు లేనిదే పొగ రాదు.

పాతచొక్కా_మాష్టారు
పొగను చూసి నిప్పు ఎక్కడుందో తప్పు చెబుతున్నారు. 1785లో ఇస్తాంబుల్‌కు ఇతనెవరో తెలియదు. ఎవరీ మనిషి, మనకు చిక్కులు తెస్తాడా అని విచారణకు మనుషులను పంపారు, అతనికి దూరంగా ఉండమని తమ అధికారులకు చెప్పారు. సుల్తాను ఖలీఫా అయి ఉండగా ఎవరో కొండవాడు దేవుడి ఆజ్ఞ అంటే వాళ్లకూ చిరాకే. 1787లో రష్యాతో యుద్ధం మొదలయ్యాక లెక్క మారింది. అప్పటికి చెచెన్యాలో ఇతని బలం తగ్గింది. కబార్దా, కుమిక్ ప్రభువుల్లో చాలామంది జారుకున్నారు, రష్యా ఊళ్ల నుంచి బందీలను అడిగి కూర్చుంది. అందుకే పడమరన కుబాన్ నది అవతల ఉండే చెర్కెస్సు జాతివాళ్ల దగ్గరికి వెళ్లాడు, అక్కడి నుంచి నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒట్టోమన్ల అనాపా కోటకు. పట్టుబడింది అక్కడే. అవసరం ఇద్దరినీ దగ్గర చేసింది. పంపిన మనిషైతే మొదటి రెండేళ్లు ఒక్క ఫిరంగి అయినా వచ్చి ఉండేది.

సముద్రపుగాలి
ఫిరంగి మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ అనాపా గురించి ఇంకొకటి రాయాలి. అది బానిసలను ఓడలెక్కించే రేవు. కాకసస్ నుంచి పట్టుకొచ్చిన మనుషులను అక్కడ అమ్మేవారు. స్వేచ్ఛ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ రేవును పక్కన పెట్టలేం.

పాతచొక్కా_మాష్టారు
పెట్టవద్దు. ఇది రాసినందుకు సంతోషం. మన్సూర్ ఆ కోటలో నిలబడ్డాడు, ఆ కోట ఆ వ్యాపారమూ చేసింది. రెండూ నిజాలే.

నల్చిక్_డాక్టరు
సముద్రపుగాలి గారి మొదటి మాటకు నా జవాబు మిగిలిపోయింది. మతఛాందసం అన్నారు. ఆ కొండల్లో అవారు భాష వేరు, చెచెన్ వేరు, కుమిక్ వేరు, కబార్దా వాళ్లది వేరు. ఒక భాష మరొకరికి ఒక్క ముక్క అర్థం కాదు. నేను చదివిన తరగతిలోనే ఐదు భాషల పిల్లలు ఉండేవారు, అందరూ రష్యన్‌లో మాట్లాడుకునేవారు. ఆ రోజుల్లో రష్యన్ లేదు. అందరికీ తెలిసిన మాటలు నమాజులోవే. ఇన్ని జాతులను పిలవడానికి అతని చేతిలో ఉన్న గొంతు అదొక్కటే అనుకుంటాను.

సముద్రపుగాలి
ఈ వివరణ నాకు కొత్త. ఆలోచిస్తాను.

మిర్చిబజ్జీ
ఈ చర్చలో సముద్రపుగాలి గారు రెండుసార్లు ఒప్పుకున్నారు. తేదీ రాసి పెట్టుకుంటున్నాను.

కొత్తనీరు
మన్సూర్ అసలు ఇటలీ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసి అని ఒకచోట చదివాను. నిజమా?

పాతచొక్కా_మాష్టారు
కాదు. బోయెత్తీ అనే ఇటలీ సన్యాసి రాసినట్టు చెప్పే ఉత్తరాలు తురిన్ నగరంలో బయటపడ్డాయి. ఆ సన్యాసే మతం మార్చుకుని మన్సూర్ అయ్యాడని పందొమ్మిదో శతాబ్దం చివర కథ పుట్టింది. కానీ 1791లో జరిగిన విచారణ రాతలు ఉన్నాయి. అందులో అతను అల్దీలో పుట్టిన ఉషుర్మా, చదవడం రాయడం రాదు, దుబాసీ కావలసి వచ్చింది. లాటిన్ చదివిన సన్యాసికి ఇవేవీ అతకవు. నాకు కోపం తెప్పించేది ఆ కథ వెనకున్న ఊహ. చదువు రాని కొండవాడు ఇంత పని చేయలేడు, ఎవరో యూరప్ మనిషే అయి ఉండాలి అన్న ఊహ. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఈ రకం ఊహ ఎన్ని దేశాల చరిత్రల్లో చూశానో చెప్పలేను.

వేపచెట్టు_నీడ
ఆ విచారణ చేసింది ఎవరు?

పాతచొక్కా_మాష్టారు
షెష్కోవ్‌స్కీ. కేథరిన్ రాణి రహస్య విచారణశాఖ పెద్ద. రైతు తిరుగుబాటు నడిపిన పుగచోవ్‌ను విచారించింది అతనే, రచయిత రదీష్చెవ్‌ను విచారించిందీ అతనే. నేను అమీర్‌నూ కాను, ప్రవక్తనూ కాను, జనం అలా అనుకుంటే ఆపలేకపోయాను అన్న అర్థం వచ్చేలా మన్సూర్ అతని ముందు చెప్పాడు. పట్టి తెమ్మని మొదట సైన్యాన్ని పంపిన పావెల్ పొత్యోమ్కిన్ కూడా పుగచోవ్ తిరుగుబాటు విచారణ సంఘాన్ని నడిపినవాడే. రైతు తిరుగుబాటును అణిచిన చేతులే కొండల వైపు చాపారు.

ఒంటరి_రైలు
అతను చనిపోయిన చోటు నేను చూశాను. ఉద్యోగం పని మీద సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. లదోగా సరస్సులో నుంచి నేవా నది బయలుదేరే చోట చిన్న ద్వీపం, దాని మీద ష్లిస్సెల్‌బర్గ్ కోట. పడవలో వెళ్లాలి. నేను వెళ్లింది సెప్టెంబరు, అప్పటికే సరస్సు మీది గాలి చొక్కాలోకి దూరిపోతోంది. నాతో వచ్చినవాళ్లు లెనిన్ అన్నయ్య అలెగ్జాండర్‌ను 1887లో ఉరితీసిన చోటు వెతికారు. నేను గోడలనే చూస్తూ ఉండిపోయాను. రాయి, తడి, నాలుగు వైపులా నీళ్లు. గుర్రం మీద కొండలు తిరిగిన మనిషిని ఇక్కడ కూర్చోబెట్టారు. 1791 అక్టోబరులో యావజ్జీవ శిక్ష, 1794 ఏప్రిల్‌లో క్షయతో చావు. పడవ తిరిగి వచ్చేటప్పుడు నాకు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

తులసికోట
తెల్లసముద్రంలోని సొలొవెత్‌స్కీ మఠంలో చనిపోయాడని నేను ఒక పాత పుస్తకంలో చదివినట్టు గుర్తు.

ఒంటరి_రైలు
పాత రచనల్లో ఆ మాట ఉంది. దస్తావేజులు బయటపడ్డాక అది తప్పని తేలింది. ష్లిస్సెల్‌బర్గే.

నల్చిక్_డాక్టరు
ఇప్పటి సంగతి కూడా ఒకటి చెప్పాలి. తొంభైల్లో చెచెన్లు స్వతంత్రం ప్రకటించుకున్నప్పుడు గ్రోజ్నీ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. 2014లో ఏర్పడి ఉక్రెయిన్ పక్షాన పోరాడిన ఒక చెచెన్ దళం పేరు షేక్ మన్సూర్ దళం. మాస్కోకు విధేయంగా ఉన్న ఇప్పటి గ్రోజ్నీ నగరంలో ఒక జిల్లాకు కూడా ఆయన పేరే. ఒకరి మీద ఒకరు తుపాకీ పెట్టుకున్న రెండు పక్షాలూ ఆయన మావాడే అంటున్నాయి. నా స్నేహితురాలికి ఇది చెబితే చాలాసేపు మౌనంగా ఉంది.

అల్దీ పేరు ఇంకోసారి కూడా ప్రపంచం వింది. 2000 ఫిబ్రవరి 5న, గ్రోజ్నీ శివారులో ఉన్న నొవియె అల్దీలో రష్యా బలగాలు యాభైమందికి పైగా సాధారణ పౌరులను చంపాయి. 1785లో ఊరు కాలినప్పుడు జనం ముందే అడవిలోకి తప్పుకున్నారు. 2000లో వాళ్లు ఇళ్లలోనే ఉన్నారు.

తులసికోట
ఇది నాకు తెలియదు.

వేపచెట్టు_నీడ
డాక్టరు గారి మాట చదివాక నిన్న రాత్రి ఏమీ రాయలేకపోయాను. ఇవాళ మొదటి ప్రశ్నను మళ్లీ చదువుకున్నాను. నేను గెలుపులు లెక్కపెట్టాను, ఆ లెక్కలో మన్సూర్ ఇమడడు. షమీల్‌కు పాతికేళ్ల పోరాటంలో నాయబులు అనే ప్రతినిధులు, పన్నులు, ఖజానా, సైన్యం ఉన్నాయి. కానీ వేరువేరు ఊళ్ల మనుషులు ఒక పిలుపుకు కదులుతారన్నది షమీల్ పుట్టకముందే అల్దీలో తేలింది. అడవిలో గెలుస్తాం, కోట దగ్గర ఓడుతాం అన్నదీ అక్కడే తేలింది. తరువాతి కాలంలో రష్యా సేనానులు అడవులను గొడ్డళ్లతో నరికించుకుంటూ ముందుకు వచ్చారంటే ఆ సంగతి వాళ్లకూ అర్థమైందనే. తెలుగులో ఆయన మీద సరైన వ్యాసం రాయాలనుకుంటున్నాను. అందరూ సాయపడాలి.

పటాలపిచ్చి
పటం నేను గీసి ఇస్తాను. కోటలు ఎర్రగా, అడవి పచ్చగా, అతను నడిచిన దారి నల్లగా. అల్దీ నుంచి కిజ్ల్యార్, అక్కడి నుంచి తతార్తుప్, కుబాన్, అనాపా.

సముద్రపుగాలి
జార్జియా భయం, అనాపా రేవు, ఈ రెండు పేరాలు నేను రాస్తాను. తీసేయకూడదు.

వేపచెట్టు_నీడ
తీయను, మాట ఇస్తున్నాను. రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, పేరు మన్సూర్ అని దీర్ఘంతో రాయాలా, మన్సుర్ అనా? రెండు, అనాపా పడిపోయిన తేదీ ఒకచోట జూన్ 22 అని, ఇంకోచోట జూలై 3 అని ఉంది.

పాతచొక్కా_మాష్టారు
దీర్ఘం పెట్టండి, అరబ్బీ పేరు. దైవం తోడుగా గెలిచినవాడని అర్థం. తేదీలు రెండూ ఒకటే. రష్యా సేనాని గుదోవిచ్ సైన్యం కోటలోకి దూకింది 1791 జూన్ 22న, అది రష్యా పాత కేలండరు. కొత్త కేలండరులో జూలై 3. రెండూ రాసి ఏది ఏదో చెప్పండి, చదివేవారు తికమక పడరు.

మిర్చిబజ్జీ
అచ్చుతప్పులు నేను దిద్దుతాను. డాక్టరు గారూ, పులుసు సంగతి మరిచిపోలేదు.